మేమున్నాం కదమ్మా

ఎవరో పుణ్యానికి ఎక్కించుకుని తీసుకెళ్ళే కారులో కిటికీ అద్దం దించుకోవడానికి కూడా మొహమాటపడాలని నాకు అమెరికాలో ఈ కాపెల్ ఊరికి వచ్చాకే తెలిసింది. ఏసీ సూటిగా మొహం మీద కొడుతున్నా తగ్గించమని అడగలేం. వాళ్ళు ప్రవచనం పెడితే ప్రవచనం, పాత పాటలు పెడితే పాత పాటలు. మధ్యలో వాళ్ళకి బ్యాంకులో పని గుర్తొస్తే పార్కింగ్ లాట్‌లో కూర్చుని, ఒళ్ళో ఫ్రోజెన్ బఠాణీల ప్యాకెట్ కరిగి నీరు కారుతుంటే చూస్తూ ఉండాలి. దిగేటప్పుడు మాత్రం నవ్వుమొహంతో "థాంక్స్ అంకుల్, మీకు చాలా శ్రమ ఇచ్చాను" అనాలి. రెండేళ్ళ పాటు అన్నాను. ఇప్పుడు తల్చుకున్నా ఒళ్ళు మండుతుంది.

డాలస్ పక్కనున్న ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. మా అపార్ట్‌మెంట్ల దగ్గరికి బస్సు రాదు. ఇండియన్ స్టోర్ కంటికి కనిపించేంత దూరంలోనే ఉంటుంది కానీ సగం దారిలో ఫుట్‌పాత్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఆరు లేన్ల రోడ్డు. వచ్చిన కొత్తలో ఒకసారి పంతం పట్టి నడిచాను. ఒక తెల్లావిడ కారు ఆపి, ఏమైనా ఆపదలో ఉన్నావా, పోలీసుల్ని పిలవనా అని అడిగింది. కొత్తిమీర కోసం వెళ్తున్నానంటే నమ్మలేదు.

మా ఆయన హెచ్‌వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. నేను ఆయన భార్యగా, ఆయన వీసాకి తోకగా వచ్చినదాన్ని. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆయనతో ఆఫీసుకి వెళ్ళిపోయేది. నాలాంటివాళ్ళు మా అపార్ట్‌మెంట్లలో బోలెడుమంది. బ్యాంకులో మేనేజరుగా చేసినవాళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు. నేను గుంటూరులో జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేదాన్ని, స్కూటీ మీద ఊరంతా చక్కబెట్టుకొచ్చేదాన్ని. అలాంటి వాళ్ళమంతా మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఖాళీ పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేవాళ్ళం.

మమ్మల్ని ఉద్ధరించడానికి ఒక అంకుల్ ఉండేవారు. పాతికేళ్ళ కిందట వచ్చి, సొంత వ్యాపారం పెట్టుకుని, పెద్ద ఇల్లు కట్టుకున్న మనిషి. మా ఊరి తెలుగు సంఘాన్ని మొదలుపెట్టింది ఆయనే, నడిపించేదీ ఆయనే. ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే నేనింత రాయాల్సిన పనే లేదు, ఒక్క తిట్టుతో సరిపోయేది. కొత్తగా దిగినవాళ్ళని ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చేవారు. పరుపు లేకపోతే పరుపు, కుక్కర్ లేకపోతే కుక్కర్ పంపించేవారు. నాకు జ్వరం వచ్చినప్పుడు వాళ్ళింటి నుంచి చారన్నం వచ్చింది. ఆ చారు రుచి కూడా గుర్తుంది, కాదనను.

ఆయన పెట్టిందే ఈ రైడ్స్ ఏర్పాటు. రిటైరైన పెద్దలు, వ్యాపారాల్లో ఉన్నవాళ్ళు కొందరు పగటిపూట కార్లు తీసుకొచ్చి మా ఆడవాళ్ళని హాస్పిటల్‌కీ, సరుకులకీ, గుడికీ తిప్పేవారు. ప్రతి ఫంక్షన్‌లోనూ అంకుల్ మైకు పట్టుకుని, "మన డిపెండెంట్స్‌కి ఏ లోటూ రాకూడదు" అనేవారు. వీసా కాగితం మీద ఉన్న మాట అది. ఆయన నోట్లో మాకు ముద్దుపేరైపోయింది. మేమూ చప్పట్లు కొట్టేవాళ్ళం, చచ్చినట్టు!

రైడ్ కావాలంటే ముందు ఆంటీకి, అంటే అంకుల్ భార్యకి, ఫోన్ చెయ్యాలి. ఆవిడ అంతా విని, "ఉండమ్మా, అంకుల్‌ని కనుక్కుని చెప్తాను" అనేవారు. పాపం, ఆవిడ స్వయంగా సరే అనడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ కూడా డ్రైవ్ చేసేవారు కాదు. ఎప్పుడు చూసినా అంకుల్ పక్క సీట్లో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతులా పట్టుకుని కూర్చునేవారు. "మా ఆవిడకి డ్రైవింగంటే హడల్" అని అంకుల్ నవ్వుతూ చెప్పేవారు. ఆంటీ కూడా నవ్వేవారు.

ఒకసారి అందరూ తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో, ప్లేటులో పులిహోర పెట్టుకుంటూ నేను మామూలుగానే అడిగాను. "అంకుల్, ఈ రైడ్స్ బదులు మాకు డ్రైవింగ్ నేర్పించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది కదా?"

"ఎందుకమ్మా నీకా రిస్కు? ఇక్కడి హైవేలు మనూరి రోడ్లు కావు. ఎక్కడికి వెళ్ళాలన్నా మేమున్నాం కదమ్మా!" అన్నారు. చుట్టూ ఉన్న మొగుళ్ళంతా హమ్మయ్య అన్నట్టు తలూపారు. మా ఆయన తల అందరికంటే బాగా ఊగింది.

తర్వాత నేను దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో చేరాను. ఇక్కడ మళ్ళీ పాఠం చెప్పాలంటే ఇక్కడి చదువు కావాలి. మొదటి మెట్టుగా దొరికింది బ్రిటన్ చరిత్ర క్లాసు. మూడుసార్లు రాకపోతే పేరు తీసేస్తారు. చివర్లో ఒక టాపిక్ మీద క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి, అది చెయ్యకపోతే పాస్ కారు. ఆ క్లాసు పోతే ఆ ఏడాది చదువు పోయినట్టే. గుంటూరులో వదిలేసి వచ్చిన నా నల్లబల్ల మళ్ళీ నా చేతికి రావాలంటే దారి అదొక్కటే. అక్కడికి వెళ్ళాలంటే కారు కావాలి.

ఆంటీకి ఫోన్ చేశాను. ఆంటీ అంకుల్‌ని కనుక్కున్నారు. "కాలేజీ అంటే అత్యవసరం కిందికి రాదు కానీ, పిల్ల ముచ్చటపడుతోంది, పంపిద్దాంలే అన్నారమ్మా" అని చెప్పారు. పిల్ల! ముప్పై దాటి, వందలమందికి పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ముచ్చట! గాజులు కొనిపెట్టమని అడిగానా? కానీ ఏం చేస్తాం, అవసరం మనది. థాంక్స్ చెప్పాను.

మా ప్రొఫెసర్ పశ్చిమ టెక్సస్‌లో పశువులు కాసే కుటుంబంలో పుట్టిన పెద్దావిడ. గొంతు బొంగురు, మాట కచ్చితం. నాకు ఇచ్చిన టాపిక్ బ్రిటిష్ రాజకీయాల్లో పెటర్నలిస్టిక్ కన్సర్వేటిజం, అది ఎలా పుట్టింది, ఎలా పెరిగింది. పేరు చూసి బెదిరిపోయాను. చదువుతూ పోతే అది నాకు బాగా తెలిసిన మనిషే. మన భాషలో దాన్ని పెద్దరికం అంటే చాలు.

కథ ఎస్టేట్ల దగ్గర మొదలవుతుంది. ఊరి మధ్య దొరగారి మేడ, పక్కన చర్చి, చుట్టూ ఆయన భూమిని కౌలుకి చేసుకునే రైతులు. ఎవరు ఎక్కడ పుట్టాలో దేవుడే రాశాడు కాబట్టి పైన పుట్టినవాడు కింది వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, కింద పుట్టినవాడు టోపీ తీసి వినయంగా ఉండాలి. చలికాలంలో మేడ నుంచి దుప్పట్లు వస్తాయి, జబ్బు చేస్తే గిన్నెడు సూప్ వస్తుంది. నాకు వెంటనే చారన్నం గుర్తొచ్చింది. పక్కనున్న ఫ్రాన్స్‌లో జనం రాజు తల తీసేసరికి వీళ్ళకి వెన్నులో వణుకు పుట్టింది. ఇల్లు కూలిపోకూడదంటే అప్పుడప్పుడు పెంకులు మార్చాలి, అది కూడా మన చేత్తోనే మార్చాలి అన్న తెలివి అప్పుడు ముదిరింది. తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. పసిపిల్లల చేత మిల్లుల్లో పొద్దస్తమానం పని చేయిస్తుంటే, అది వ్యాపారం, మనకెందుకు అన్నవాళ్ళున్నారు. కాదు, ఇది పాపం అని పార్లమెంటులో పోట్లాడి పని గంటలు తగ్గించినవాళ్ళలో ఈ పెద్దింటి దొరలూ ఉన్నారు. న్యాయం చెప్పుకోవాలి, అది మంచి పనే.

ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పట్నాల్లో పనివాళ్ళు కొందరికి ఓటు ఇద్దామని అవతలి పక్షం ఒక చిన్న బిల్లు తెస్తే, అడ్డుపడి పడగొట్టినవాళ్ళలో ముందున్నది వీళ్ళే. ఆ దెబ్బకి తామే గద్దెక్కి, మరుసటి ఏడు అంతకంటే పెద్ద బిల్లు తామే తెచ్చి, చూశారా, మీకు ఓటిచ్చింది మేమే అన్నారు! ఊరేగింపులు తీసింది పనివాళ్ళు, సభ పెట్టుకోనివ్వకపోతే లండన్ పార్కు కంచెలు విరగదోసింది పనివాళ్ళు. పేరు మాత్రం దొరగారికి. ఆ ఓటులో ఆడవాళ్ళ ఊసే లేదు.

ఆ తర్వాత మురికివాడలు బాగుచేశారు, ఆరోగ్య చట్టాలు తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అవతలి పార్టీ అందరికీ ఉచిత వైద్యం పెడితే వీళ్ళు దాన్ని కూల్చలేదు, పోటీపడి ఇళ్ళు కట్టించారు. కొన్నేళ్ళకి అదే పార్టీలో ఒక దుకాణదారుడి కూతురు ప్రధాని అయింది. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడండి అంది. పాతకాలపు పెద్దమనుషుల్ని సొంత పార్టీవాళ్ళే వానలో తడిసిన కోళ్ళ కింద జమకట్టి ఎగతాళి చేశారు. ఆవిడ దిగిపోయాక వచ్చినవాళ్ళు అవసరం పడినప్పుడల్లా ఆ దయనీ, మనమంతా ఒక్కటే అన్న మాటనీ అటక మీంచి దించి దులుపుతూనే ఉన్నారు. నాకు అర్థమైంది ఇది: గొడవంతా వాళ్ళలో వాళ్ళకే. ఒకడు నిన్ను ఎక్కించుకుని తీసుకెళ్తానంటాడు, ఇంకొకడు నడిచి చావమంటాడు. నువ్వు నడుపుతావా అని అడిగినవాడు లేడు.

ఇదంతా చెప్పడానికి సిద్ధమయ్యాను. అప్పటికే రైడ్ రాక రెండు క్లాసులు పోయాయి. ఇంకొకటి పోతే అంతే సంగతులు. అందుకని వారం ముందే ఆంటీకి చెప్పాను, ముందురోజు గుర్తు చేశాను. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, మా అపార్ట్‌మెంట్ల లీజింగ్ ఆఫీస్ ముందు నిలబడ్డాను. రావాల్సిన పెద్దాయన రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆంటీకి చేశాను.

"అయ్యో, నీకు చెప్పలేదా అమ్మా? గుళ్ళో హోమానికి కొత్త పూజారిగారు దిగుతున్నారట. అంకుల్ నీకోసం రావాల్సినాయన్ని ఎయిర్‌పోర్ట్‌కి పంపించేశారు."

అంకుల్‌కి చేశాను. ఈ రోజు నా ప్రెజెంటేషన్ అంకుల్, వెళ్ళకపోతే క్లాసులోంచి తీసేస్తారు అన్నాను.

"చదువు ఎక్కడికి పోతుంది తల్లీ? వచ్చే వారం చెప్పుకో. పూజారిగారిని ఎయిర్‌పోర్ట్‌లో నిలబెట్టలేం కదా. మీ టీచర్ నంబర్ పంపించు, నేను మాట్లాడతాలే."

నా టీచర్‌తో ఆయన మాట్లాడతారట! ఫీజు కట్టింది నేను, చదివింది నేను. ఒకటో క్లాసు పిల్ల హోంవర్క్ చెయ్యలేదన్నట్టు ఆయన ఫోన్ చేసి సర్దిచెబుతారట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదీ సంగతి. డ్రైవింగ్ నేర్పించరు, ఉన్న రైడూ లాక్కుంటారు, పైగా తల్లీ అంటారు. ఫోన్ పెట్టేసి క్యాబ్ బుక్ చేశాను. అది దారి తప్పి, అపార్ట్‌మెంట్ల వెనక గేటు దగ్గర ఆగి, చివరికి నన్ను కాలేజీకి చేర్చేసరికి పిల్లలు సంచులు భుజాన వేసుకుని బయటికొస్తున్నారు.

ప్రొఫెసర్ ఒక్కరే కంప్యూటర్ ఆపుతున్నారు. నా మొహం చూసి కూర్చోమన్నారు. జరిగింది చెప్పాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను, అది బాధ కాదు, ఉక్రోషం. ఆవిడ విని, ఆలస్యంగానైనా వచ్చాను కాబట్టి ఈ ఒక్కసారికి ఆబ్సెంట్ వెయ్యనన్నారు, ఇంకొకటి పోతే మాత్రం రూల్ రూలేనన్నారు. ప్రెజెంటేషన్లకి నెలాఖరున ఇంకో రోజు మిగిలి ఉందట, ఆ రోజు నాకు చోటిస్తారట. "ఆ రోజు నువ్వు ఇక్కడ లేకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఎలా వస్తావు?" అని అడిగారు.

"నేనే డ్రైవ్ చేసుకుని వస్తాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. లెర్నర్ పర్మిట్ కూడా లేదు నా దగ్గర.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే చెయ్యి చాపాను. "కారు కీస్ ఇవ్వండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. నేర్చుకుంటాను. ఇన్సూరెన్స్‌లో నా పేరు యాడ్ చెయ్యండి."

"ఇప్పుడెందుకే ఇవన్నీ? అంకుల్‌కి తెలిస్తే ఫీలవుతారు. ఎక్కడైనా గుద్దితే..."

"గుద్దితే నేను గుద్దుతాను, పోలీసు టికెట్ నాకొస్తుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నా మొహం చూసి ఆయన కీస్ నా చేతిలో పెట్టారు. సోఫాలో కూర్చుని ఫోన్‌లోనే నా పేరు యాడ్ చేశారు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. అంత చిన్న పని! రెండేళ్ళుగా ఎవరూ చెయ్యని పని! ఆ కాఫీ ఆయన నెత్తిన పోద్దామన్నంత కోపం వచ్చింది.

నాకు నేర్పించింది పక్క బ్లాకులో ఉండే వరంగల్ అమ్మాయి. నాలాగే భర్త వీసా మీద వచ్చింది, నాకంటే చిన్నది. హైదరాబాద్‌లో కారు నడిపిన చెయ్యి కాబట్టి ఇక్కడికి రాగానే లైసెన్స్ తెచ్చుకుంది. కారు మాత్రం పగలంతా వాళ్ళాయన దగ్గర ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయి కూడా మాతోపాటు రైడ్స్‌లోనే తిరిగేది. సంగతి చెప్పగానే ఎగిరి గంతేసింది.

"గింత దానికి ఏడుస్తవా అక్కా? కూకట్‌పల్లి ట్రాఫిక్‌ల నడిపిన. గీ ఖాళీ రోడ్లు ఒక లెక్కనా? నడువ్, రేపే పర్మిట్ తీస్కుందాం."

ఆ నెలంతా క్లాసులకి క్యాబ్‌లోనే వెళ్ళాను, డబ్బు నీళ్ళలా పోయింది. శని, ఆదివారాలు పొద్దున్నే హైస్కూల్ పార్కింగ్ లాట్‌కి వెళ్ళేవాళ్ళం. ముందు సీట్లో ఆ అమ్మాయి, వెనక సీట్లో మా ఆయన, తలుపు పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుని. నేను బ్రేక్ నొక్కినప్పుడల్లా వెనక నుంచి "వెంకన్నా!" అని వినిపించేది. "అన్నా, నువ్వు కిందికి దిగి నిలబడు, దేవున్ని తర్వాత మొక్కుదువు గానీ" అని ఆ అమ్మాయి ఆయన్ని దించేసింది. ఆయన ఎండలో నిలబడి చూశారు. నాకు చాలా హాయిగా అనిపించింది.

మొదటి టెస్ట్ ఫెయిలయ్యాను. రెండు గుర్తుల మధ్య బండి పెట్టే పారలల్ పార్కింగ్ చక్కగా చేశాను, సిగ్నల్ దగ్గర ఆగాను, అన్నీ అయ్యాయి. చివర్లో బండి ఒక్కటీ లేని రోడ్డు మీదికి తిరగమంటే, అందరూ కుడివైపు నడిపే ఈ దేశంలో స్కూటీ అలవాటు కొద్దీ హాయిగా ఎడమవైపుకి వెళ్ళిపోయాను. పక్కన కూర్చున్నాయన క్లిప్‌బోర్డ్ గుండెకి హత్తుకున్నాడు. అక్కడికక్కడే ఫెయిల్. ఆ రాత్రి అన్నం సహించలేదు. అంకుల్ చెవిన పడితే "నేను చెప్పలేదూ?" అంటారన్న ఆలోచనే నన్ను ఎక్కువ కాల్చింది. డాష్‌బోర్డ్ మీద కుడిచేతి వైపు కుంకుమ బొట్టు పెట్టుకున్నాను, తిరిగినప్పుడల్లా బొట్టు వైపే ఉండాలని. ప్రెజెంటేషన్‌కి రెండు రోజుల ముందు రెండో టెస్ట్ పాసయ్యాను.

ప్రెజెంటేషన్ రోజు మా ఆయన ఎవరితోనో ఆఫీసుకి వెళ్ళారు. కాలేజీకి నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. హైవే ఎక్కలేదు, లోపలి దారులే. వెనకవాళ్ళు రెండుసార్లు హారన్ కొట్టారు, కొట్టుకోనీ అనుకున్నాను. క్లాసు ముందు నిలబడి దొరల కథంతా చెప్పాను. చివర్లో మా రైడ్స్ గురించి చెప్పాను. దయ మంచిదే, కానీ ఆ దయ ఎప్పుడు, ఎవరికి, ఎంత అన్నది ఎదుటివాడే తేలుస్తున్నంత కాలం మనం ఎయిర్‌పోర్ట్‌లో దిగే పూజారి తర్వాతే అన్నాను. ప్రొఫెసర్ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసి, "నీ కారు ఏది?" అని అడిగారు. రెండు గీతల మీదా అడ్డంగా పెట్టిన తెల్ల కారు చూపించాను. ఇంటికొచ్చేటప్పుడు నాలుగు అద్దాలూ దించేశాను. వేడిగాలి మొహాన కొట్టింది, కొంగు కిటికీలోంచి ఎగిరింది. ఏసీ వెయ్యనంటే వెయ్యలేదు.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళు ఒక్కొక్కరే మాకూ నేర్పించమని అడగడం మొదలుపెట్టారు. నేనూ వరంగల్ అమ్మాయీ శనివారం పొద్దున హైస్కూల్ లాట్‌లో నేర్పించడం మొదలుపెట్టాం. అంకుల్‌కి తెలిసింది. మా ఇంటికి వచ్చారు, సోఫా అంచున కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. "ఏం తక్కువ చేశామమ్మా మీకు?" అన్నారు. నిజంగానే బాధపడ్డారు, కళ్ళలో తడి కనిపించింది. నాకు జాలి వెయ్యలేదు. మీరు తక్కువ చెయ్యలేదు అంకుల్, మమ్మల్నే తక్కువ చేశారు అన్నాను. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నారు.

కోపం వచ్చి మాట్లాడ్డం మానేస్తారనుకున్నాను. మానేసినా బాగుండేది. సంఘం వార్షికోత్సవం రోజున, కూచిపూడి అయ్యాక, అంకుల్ మైకు అందుకున్నారు. "మన సంఘం ఆధ్వర్యంలో మహిళలకి డ్రైవింగ్ శిక్షణ విజయవంతంగా నడుస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను" అన్నారు. హాలంతా చప్పట్లు. నన్ను వేదిక మీదికి పిలిచారు. శాలువా సిద్ధంగా ఉంది, పళ్ళెంలో కొబ్బరికాయ కూడా ఉంది. నాకు ఆ ఓటు బిల్లు కళ్ళ ముందు కదిలింది. అడ్డుపడింది మీరే, ఇచ్చిందీ మీరేనా! ఎంత దారుణం!

మైకు తీసుకున్నాను. "ఇది సంఘం నేర్పింది కాదండి. అడిగితే అంకుల్ వద్దన్నారు. నాకు నేర్పింది ఇదుగో, మూడో వరసలో కూర్చున్న ఈ అమ్మాయి" అన్నాను. అంకుల్ పకపకా నవ్వారు. "చూశారా, మా అమ్మాయికి కోపం ఎక్కువ! ఇంట్లో చనువున్న పిల్లలే ఇలా మాట్లాడతారు" అంటూ శాలువా నా భుజాల మీద కప్పేశారు. అందరూ నవ్వారు, ఫోటోలు తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ సంఘం పేజీలో ఉంది, నేను ఉరిమి చూస్తుంటాను, ఆయన ఆశీర్వదిస్తుంటారు. ఆ మనిషిని తిట్టినా సరే, ఆ తిట్టు కూడా ఆయన పెంపకం గొప్పతనమే!

శాలువా ఉండలా చుట్టి కారు వెనక సీట్లోకి విసిరేశాను. రెండు కార్ల అవతల అంకుల్ కారు. ఆయన పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుని ఆంటీ కోసం చూస్తున్నారు. ఆంటీ అటు వెళ్ళలేదు. హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"శనివారం ఎన్నింటికమ్మా మీ క్లాసు?"

అంకుల్ అక్కడి నుంచే నవ్వారు. "నీకెందుకే? నీకు హడల్ కదా! అంతగా నేర్చుకోవాలనుంటే ఒక్క మాట అడిగితే నేనే నేర్పించనా?"

ఆంటీ వెనక్కి తిరిగారు. గొంతు పెంచలేదు. "అడిగాను. ఈ దేశం వచ్చిన ఏడాదే అడిగాను. నేనున్నాను కదా, నీకెందుకు అన్నారు. హడల్ అన్నది నేను కాదు, మీరు."

అంకుల్ పట్టుకున్న తలుపు అలాగే తెరిచి ఉంది. పాతికేళ్ళు! నా రెండేళ్ళకే నేనింత గింజుకున్నాను, ఆ ఇంట్లో పాతికేళ్ళు ఆవిడ నవ్వుతూ కూర్చున్నారు.

ఆంటీ నా కారు డ్రైవర్ వైపు తలుపు తీసి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, లోపల కూర్చున్నారు. ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగ్ తీసి నా చేతికిచ్చి, స్టీరింగ్ పట్టుకున్నారు.

"ముందు ఈ సీటు ఎలా జరపాలో చెప్పమ్మా. నాకు కాళ్ళు అందట్లేదు."